బొగ్గు కొండల్లో మా ముసలి హోండా

షార్లెట్‌లో ఐ-77 ఎక్కి ఉత్తరం వైపు రెండున్నర గంటలు పోతే ఒక సొరంగం వస్తుంది. పేరు ఈస్ట్ రివర్ మౌంటెన్ టన్నెల్, పొడవు మైలు పైనే. వర్జీనియాలో దూరితే వెస్ట్ వర్జీనియాలో తేలతాం. రెండు రాష్ట్రాల సరిహద్దు కొండ కడుపులోనే ఉంది. అవతల బ్లూఫీల్డ్ ఊళ్లో రైల్వే యార్డు నిండా బొగ్గు వ్యాగన్లు. అవి చూడగానే నాకు మందమర్రి గుర్తొచ్చింది. మా బాపు సింగరేణి బాయిలో ఫిట్టర్‌గా ముప్పయ్యేళ్లు చేసి రిటైరయ్యాడు. కొడుకు చేతికి గ్రీజు అంటకుండా బతకాలని ఇంట్లో అందరి కోరిక. నేను ఇంజినీరింగ్ చదివి, అమెరికా వచ్చి, ఏసీలో కూర్చుని కోడ్ రాసుకుంటున్నాను కాబట్టి ఆ కోరిక తీరినట్టే. తీరిన మూడేళ్లకే కారు వెనక ట్రైలర్ మీద 1997 నాటి హోండా ఫోర్‌ట్రాక్స్ 300 కట్టుకుని, గోళ్ల నిండా గ్రీజుతో మళ్లీ బొగ్గు ఊళ్లకే వచ్చాను.

ఏటీవీ అంటే మీకు తెలిసే ఉంటుంది. రిసార్టుకి పోతే డబ్బులు కట్టించుకుని, టైర్లు పాతిన ట్రాక్‌లో రెండు రౌండ్లు తిప్పి, ఫొటో తీసి పంపించేస్తారే, ఆ నాలుగు చక్రాల బండి. ఇక్కడి పల్లెల్లో అది పొలం బండి, వేట బండి, మంచు తోసే బండి. సెలవు రోజున కొండ బండి. దక్షిణ వెస్ట్ వర్జీనియాలో హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రెయిల్స్ అని ఉన్నాయి. 2000లో మొదలయ్యాయి, ఇప్పుడు వెయ్యి మైళ్లు దాటాయి. చాలా చోట్ల అవి పాత గని దారులు, కలప లారీల దారులే. భూమి ఎక్కువగా బొగ్గు, కలప కంపెనీలది. పర్మిట్ కొనుక్కుని హెల్మెట్ పెట్టుకుంటే ఎవరైనా పోవచ్చు. పచ్చ గుర్తున్న దారి తేలిక, నీలం కొంచెం కష్టం, నలుపు అంటే మీ ఇష్టం. మేం ఎప్పుడూ పోయేది బ్రామ్‌వెల్ దగ్గరి పోకహాంటస్ ట్రెయిల్‌కి. బ్లూస్టోన్ నది మెలిక తిరిగిన చోట ఉన్న చిన్న ఊరు బ్రామ్‌వెల్. ఒకప్పుడు బొగ్గు గనుల యజమానులు కట్టుకున్న పెద్ద పెద్ద మేడలు ఇంకా నిలబడే ఉన్నాయి. వాటి ముందు వీధిలో బురద కొట్టుకున్న ఏటీవీలు ఆగి ఉంటాయి, ఆ వీధుల్లో ఏటీవీలు నడపొచ్చు మరి.

పాతదే ఎందుకు కొన్నావ్ అని అందరూ అడుగుతారు. ఫోర్ వీల్ డ్రైవ్ కొత్త బండి అంటే ఏడెనిమిది వేల డాలర్ల పైమాటే. ఇది నాకు 1,600కి వచ్చింది. ఇంకో కారణం ఏంటంటే ఈ బండిలో కంప్యూటర్ లేదు. పగలంతా లాగ్ ఫైళ్లు చూసేవాడికి అదొక సుఖం. 282 సీసీ, ఒకటే సిలిండరు, గాలికి చల్లబడే ఇంజిను, కార్బొరేటరు, ఐదు గేర్లు, ఒక రివర్సు. క్లచ్ లివర్ లేదు. చైన్ లేదు, షాఫ్టే. 1988 నుంచి 2000 దాకా ఈ మోడల్ తయారైంది, ఇప్పటికీ పార్టులన్నీ దొరుకుతాయి. (పాత ఏటీవీ అన్నారు కదా అని మూడు చక్రాలది మాత్రం కొనకండి. తిరగబడి చాలామంది పోయారు. 1988లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలన్నీ వాటి అమ్మకం ఆపేశాయి.)

నాకు అమ్మినాయన ‘ఏ పనీ లేదు, ఎక్కి తోలుకోవడమే’ అన్నాడు. తీసుకొచ్చాక చోక్ లాగితేనే నడిచేది, చోక్ మూస్తే ఆగిపోయేది. అంటే పైలట్ జెట్ మూసుకుపోయినట్టు. ఇక్కడ పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతారు. బండి నెలల తరబడి కదలకపోతే ఆ పెట్రోలు కార్బొరేటర్లో జిగురులా గట్టిపడుతుంది. బాపు చేతక్‌ని పొద్దున్నే ఒక పక్కకి వంచి, ప్లగ్ తీసి ఎమెరీ పేపర్‌తో రుద్ది స్టార్ట్ చేసేవాడు. పక్కన నిలబడి స్కూలుకి లేటవుతోందని ఏడ్చేవాణ్ణి. అదే చదువు పనికొచ్చింది. రూమ్మేట్ కజిన్‌కి ఇల్లుంది, ఇంటికి గ్యారేజీ ఉంది. అక్కడ కార్బొరేటర్ విప్పి, వెంట్రుకంత సన్నని జెట్‌ని క్లీనర్ కొట్టి, వెలుగుకి పెట్టి చూసి, అవతల లైటు కనపడేదాకా శుభ్రం చేశాను. ఇప్పుడు రెండు మూడు వారాలు తీయనంటే పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ అడుగు గిన్నెలో ఉన్నది వంచేస్తాను. ఇంజినాయిల్ మార్చాను. దీనికి మోటార్‌సైకిల్ ఆయిలే పోయాలి. క్లచ్ ఆయిల్లోనే తడుస్తుంది కాబట్టి కారు కోసం అమ్మే కొన్ని ఆయిళ్లు పోస్తే జారిపోతుంది.

బండి టకటకా స్టార్టయింది. ఇంక నాకు తల తిరిగింది. యూట్యూబ్‌లో చూసి ముందు భాగానికి పొడుగాటి ఎల్ఈడీ లైటు, 2,500 పౌండ్లు లాగే వించి, చేతులకి గార్డులు, వెనక పెట్టె అన్నీ తగిలించాను. మొత్తం 400 డాలర్ల పైనే అయింది. ఇన్‌స్టాలో పెడితే మా బ్యాచ్ అంతా నిప్పుల ఎమోజీలు పెట్టారు. బ్రేకులు? లివర్ నొక్కితే పార్కింగ్ లాట్లో ఆగింది. అంతే చూశాను.

అక్టోబర్లో పోయాం. ఆ కొండలు ఎర్రగా, పసుపుగా మండుతున్నట్టు ఉంటాయి అప్పుడు. రూమ్మేట్ అద్దె బండి మీద నా వెనక. మధ్యాహ్నం ఒక వాగు దాటాం. ఇరుసు మునిగేంత నీళ్లు, పెద్ద లెక్కేం కాదు. అవతల కొంచెం ఎక్కి, తర్వాత ఒక్కసారిగా దిగుడు. పలకరాళ్లు, వాటి మీద తడి ఆకులు. నేను మూడో గేర్లో ఉన్నాను. కుడి చేతి లివర్ పట్టాను, హ్యాండిల్‌కి ఆనుకుంది, బండి ఆగలేదు. కాలి బ్రేకు తొక్కాను. కీచుమంది తప్ప పట్టలేదు. తడిసిన డ్రమ్ములు పట్టవని నాకు అప్పుడు తెలియదు.

అక్కడ చేసిన తప్పు ఇంకోటి. గేరు తగ్గిద్దామని గేరు పెడల్ కిందికి నొక్కాను, భయంలో కాలు తీయలేదు. ఈ మోడల్‌కి క్లచ్ లివర్ లేదన్నానుగా, గేరు పెడల్ నొక్కితే క్లచ్ దానంతటదే వదిలేస్తుంది. కాలు తీస్తేనే మళ్లీ పట్టుకుంటుంది. నొక్కి ఉంచితే న్యూట్రల్‌తో సమానం. మూడో గేర్లో ఇంజిన్ కాస్తో కూస్తో పట్టి ఉంచుతున్న బండిని నేనే వదిలేశాను. కుడి పక్క లోయ, చెట్లు. ఎడమ పక్క కొండని చెక్కిన మట్టిగోడ. హ్యాండిల్ ఎడమకి తిప్పేశాను. ముందు చక్రం గోడ ఎక్కింది, బండి రెండు చక్రాల మీద లేచింది, ఒక క్షణం అలా ఆలోచించి మళ్లీ నాలుగు చక్రాల మీద పడింది. నేను పక్కన పడ్డాను. గడ్డం గీసుకుపోయింది, మోకాలు వాచింది. హెల్మెట్‌కి ఒక రాయి అచ్చు. రూమ్మేట్ దిగొచ్చి నా పేరు పిలుస్తున్నాడు, నాకు నోరు రావట్లేదు.

ఇక్కడ చెప్పాలి. పొద్దున ట్రెయిల్ మొదట్లో మేం ఇద్దరం ఒకే బండి మీద పోదామా అనుకున్నాం, అద్దె మిగులుతుందని. మన ఊళ్లో బండి మీద ముగ్గురం పోయిన అలవాటు. సీటు పొడుగ్గానే ఉంటుంది. కానీ అది రెండో మనిషి కోసం కాదు, నడిపేవాడు ఎక్కుడుకి ముందుకీ, దిగుడుకి వెనక్కీ జరగడానికి. ఇద్దరి కోసం తయారు చేయని బండి మీద ఇద్దరు ఎక్కడం ఆ ట్రెయిల్స్‌లో నిషేధం కూడా. నా వెనక వాడు కూర్చుని ఉంటే బండి ఆ గోడ మీద నుంచి ఎటు పడేదో నేను చాలా రాత్రులు ఆలోచించాను.

ఎడమ చక్రాన్ని తిప్పే టై రాడ్ వంగిపోయింది. అరగంటకి ఒక పెద్దాయన తన భార్యతో పెద్ద బండిలో వచ్చి ఆగాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఏమీ అడక్కుండా పానాల సంచి తీశాడు. రాడ్ ఊడదీసి, తన బండి వెనక ఇనప కొక్కేనికి ఆనించి, సుత్తితో కొట్టి కొంచెం చక్కగా చేశాడు. ‘ఇంటిదాకా వస్తుంది, ఫస్ట్ గేర్లో పో’ అన్నాడు. తర్వాత నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, లైటు మీద వేలితో తట్టి, ‘చీకట్లో దేనికి గుద్దుకుంటున్నావో బాగా కనపడుతుంది’ అన్నాడు. ఆయన భార్య తల తిప్పుకుని నవ్వింది. మాటల్లో తెలిసింది, ఆయనా గనిలో పనిచేసినవాడే. మా నాన్న కూడా బొగ్గు గనిలో చేశాడు, ఇండియాలో అన్నాను. సుత్తి పక్కన పెట్టి నా వైపు పూర్తిగా తిరిగాడు. ఎంత లోతు, పైకప్పు ఎలాంటిది, ఏం పని అని వరసగా అడిగాడు. సగం ప్రశ్నలకి నాకు జవాబు తెలియలేదు. మా ఇంట్లో ముప్పయ్యేళ్లు అన్నం పెట్టిన పని గురించి నాకు తెలిసింది షిఫ్టు టైములు మాత్రమే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో గడ్డం దాచలేకపోయాను.

‘ఏందిరా, మొఖం అట్ల గీసుకపోయింది?’

చెప్పాను. తిడతాడనుకున్నా.

‘బండి తెచ్చినంక బ్రేకులు ఇప్పి చూసినవా?’

‘లేదు బాపు. బానే ఆగింది అప్పుడు.’

‘ఆగిందని ఎట్ల తెల్వాలె, ఇప్పకుంట? మేం షిఫ్టు ఎక్కంగనే ముందుగాల హాలేజి బ్రేకు చూసేటోళ్లం. తాడు, రోలర్లు అన్నీ తర్వాత.’ కాసేపు ఆగి, ‘ఇప్పు. ఇప్పి నాకు చూపియ్యి’ అన్నాడు.

అలా రెండు శని, ఆదివారాలు మా బాపు మందమర్రిలో రాత్రి మంచం మీద పడుకుని, నేను ఇక్కడ పొద్దున్నే గ్యారేజీలో, ఫోన్ పెయింటు డబ్బా మీద నిలబెట్టి బ్రేకులు విప్పాం. ఈ మోడల్‌కి ముందు చక్రాలకి హైడ్రాలిక్ డ్రమ్ములు, వెనక ఇరుసుకి ఒకటే డ్రమ్ము. ముందు డ్రమ్ము తీయగానే గోదావరి వరద రంగులో నీళ్లు కారాయి. నీరు చొరబడకుండా ఉండాల్సిన రబ్బరు సీలు రాయిలా బిగుసుకుపోయింది. వీల్ సిలిండర్లో పిస్టన్లు తుప్పుకి కదలట్లేదు. షూ మీద లైనింగు ఒక అంచున లేచిపోయింది. సీళ్లు, సిలిండర్లు, షూలు అన్నీ కొత్తవి తెప్పించాం. పెట్టిన లైట్ల ఖర్చులో సగం కూడా కాలేదు. సీలు పెదవికి గ్రీజు రాయమని బాపు మూడుసార్లు చెప్పాడు. తర్వాత గాలి తీయడం: రూమ్మేట్ లివర్ నొక్కి పట్టుకోవాలి, నేను కింద స్క్రూ వదులు చేసి బిగించాలి, అప్పుడు వాడు వదలాలి. మొదటి పదిసార్లు వాడు ముందే వదిలేశాడు.

విప్పడం మొదలైతే ఆగదు. ముందు డిఫరెన్షియల్ ప్లగ్ తీస్తే ఆయిలు బూస్ట్ కలిపిన పాలలా వచ్చింది, అంటే నీళ్లు కలిశాయి. ముందు ఇరుసు కీళ్ల మీద రబ్బరు బూటు చిరిగి ఉంది. అక్కడ ఇసుక పోతే మొత్తం కీలే మార్చాలి, కాబట్టి బూటు, గ్రీజు మార్చేశాను. టైర్లలో గాలి కూడా తప్పే. నేను కారు అలవాటుతో గట్టిగా కొట్టాను. ఈ టైర్లకి 3 పీఎస్ఐ దగ్గరే చాలు, మెత్తగా ఉంటేనే రాయిని పట్టుకుంటాయి. కారు గేజీలో అంత తక్కువ కనపడదు, దీనికి వేరే చిన్న గేజీ కొనాలి. పది పన్నెండు డాలర్లు.

లైటు సగం ధరకి అమ్మేశాను. వించి ఉంచాను. బురదలో దాని విలువ తెలుస్తుంది. కాకపోతే ఈ పాత బండి బ్యాటరీకి అది భారమే, ఇంజిను నడుస్తుండగానే కొంచెం కొంచెం లాగాలి. చెట్టుకి నేరుగా తాడు చుట్టకుండా వెడల్పు పట్టీ వాడాలి, లేకపోతే బెరడు ఊడిపోతుంది. వెనక పెట్టెలో ఇప్పుడు టైరు పంక్చర్ కిట్టు, చేతి పంపు, ఒక స్పార్క్ ప్లగ్, పానాలు, జిప్ టైలు, లాగుడు పట్టీ, మందుల సంచి, నీళ్లు, కాగితం మ్యాపు ఉంటాయి. ఆ లోయల్లో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. ఇన్‌స్టాలో పెట్టదగిన వస్తువు ఒక్కటీ లేదు.

ఏప్రిల్లో మళ్లీ పోయాం. అదే వాగు, అదే దిగుడు. వాగు దాటాక కొంచెం దూరం బ్రేకు లైట్‌గా పట్టుకునే పోయాను, డ్రమ్ములు వేడెక్కి ఆరేదాకా. పైన ఆగి ఫస్ట్ గేరు వేసి, కాలు గేరు పెడల్ మీద నుంచి పూర్తిగా తీసేశాను. గుండె దడదడలాడుతూనే ఉంది, అబద్ధం ఎందుకు. దిగుడు మధ్యలో, మట్టిగోడ మీద నా చక్రం గీత ఎక్కడుండాలో అక్కడ, బ్రేకు పట్టాను. బండి ఆగింది. వానలకి గీత చెరిగిపోయింది. రూమ్మేట్ వెనక నుంచి వీడియో తీశాడు, సిగ్నల్ వచ్చాక బాపుకి పంపాను.

మర్నాడు ఇంటికి వస్తుంటే, సొరంగం దాటాక వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘బండి మంచిగ ఆగింది. గని వెనక చక్రం కాడ ఏందో సప్పుడైతున్నది. బేరింగు చూడు.’

నాకేం వినపడలేదు. శనివారం జాకీ ఎత్తి, వెనక చక్రం రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాను. ఆడుతోంది.