మా అమ్మని అడిగారు

మా తమ్ముడికి చర్చి రిజిస్టర్లో ఒక పేరుంది. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలీదు. మొద్దోడు, ఎర్రిబాగులోడు, దెయ్యం పట్టినోడు. ఇవీ వాడి పేర్లు. మాదిగోడు అన్న పేరు ఎట్టాగూ ఉంది, అది పుట్టకముందే పెట్టింది. 44 ఏళ్ళు ఈ పేర్లతోనే బతికాడు. ఆ తర్వాత వాడికింకో పేరొచ్చింది. ఆటిజం. ఆ పేరు ఎట్టా వచ్చిందో, దానివల్ల మాకేం ఒరిగిందో రాయాలనిపించింది.

చీరాల దగ్గర పల్లె మాది. నాన్న చెప్పులు కుట్టేవాడు. చావుకీ పెళ్ళికీ జాతరకీ డప్పు కొట్టేవాడు. తమ్ముడు 1974లో పుట్టాడు, నాకంటే అయిదేళ్ళు చిన్న. నాన్న మంటమీద డప్పు కాచి ఒక్క దరువు వేశాడంటే వాడు రెండు చేతుల్తో చెవులు మూసుకుని గుడిసె వెనక చింతచెట్టు దాకా ఉరికేవాడు. అక్కడ గిరగిరా తిరుగుతా ఉండేవాడు. "మాదిగోడి కడుపున పుట్టి డప్పంటే భయమేందిరా" అని నాన్న మొదట్లో నవ్వాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత కొట్టాడు. భయం పోవాలని ఒకసారి కాళ్ళు కట్టేసి పక్కన కూచోబెట్టుకుని వాయించాడు. ఆ పూట వాడు అరిచిన అరుపు నేను మర్చిపోలేదు. నాన్న చెడ్డవాడు కాదు. డప్పు మా కూడు. కొడుకు ఆ కూటికి కూడా పనికిరాకుండా పోతాడేమోనని ఆయన భయం.

అదే పిల్లాడు నాన్న చెప్పులు కుడుతుంటే పక్కన గంటలు గంటలు కూచునేవాడు. మేకులన్నీ పొడుగుని బట్టి వరస పెట్టేవాడు. ఒక్కటి జరిపినా పసిగట్టి గోల చేసేవాడు. అయిదో ఏడు దాకా మాట రాలేదు. వచ్చాక కూడా మన మాటే మనకి తిరిగొచ్చేది. "అన్నం తింటావా" అంటే "అన్నం తింటావా" అనేవాడు.

వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాశారు. వేపమండలతో కొట్టించారు. ఎవడో పొట్టమీద వాతలు పెట్టాడు, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నింద మాత్రం అమ్మ మీద పడింది. గ్రహణం పూట కడుపుతో ఉండి పొలం పోయిందట. గ్రహణమని కూలి మానుకుంటే ఆ పూట గంజి ఎవరు పోస్తారో చెప్పినవాళ్ళు లేరు.

మా ఊరి పెద్దకులం వాళ్ళింట్లో కూడా మాటరాని పిల్లాడొకడు ఉండేవాడు. మావాడి ఈడే. వాణ్ణి గుంటూరు తీసుకెళ్ళారు, వేలూరు తీసుకెళ్ళారు. ఏ డాక్టరు ఏం చెప్పాడో మాకు తెలీదు గానీ ఆ పిల్లాడికి జబ్బు చేసిందని ఊరంతా జాలిపడింది. మావాణ్ణి చూసి "మాల మాదిగ పుర్రెల్లో ఏముంటది" అన్నారు. అదే మాటరానితనం వాళ్ళ పిల్లాడికైతే జబ్బు, మావాడికైతే జాతి. బళ్ళో పంతులు మూడో తరగతిలో "వీడికి చదువెందుకమ్మా, గొడ్లకి పంపు" అని తిప్పి పంపాడు. గొడ్లకే పంపాం. వాడు గొడ్లని బాగా చూసుకున్నాడు. ప్రతి గొడ్డు ఏ రోజు ఈనిందో తేదీతో సహా చెప్తాడు.

1986లో టీ కొట్టు సంగతి జరిగింది. వాడికి 12 ఏళ్ళు. ఆ కొట్లో మా గ్లాసులు బయట చూరులో దోపి ఉండేవి. తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఈ సంగతి మాకెవరూ పాఠం చెప్పలేదు. పెద్దోళ్ళ కళ్ళు చూసి, అమ్మ చెయ్యి వెనక్కి లాగిన లాగుడు చూసి మేము నేర్చుకున్నాం. దొరని చూస్తే కండువా ఎప్పుడు తియ్యాలి, ఏ అరుగు ముందు ఎట్టా నడవాలి, అన్నీ అట్టా చూపుల్తో నేర్చుకున్నవే. మావాడికి చూపుల భాష రాదు. వాడు ఇంట్లో ఎప్పుడూ ఒకే స్టీలు గ్లాసుతో తాగేవాడు, వేరేదాంతో ఇస్తే పారబోసేవాడు. ఆ రోజు కొట్టు లోపల బల్లమీద అట్టాంటి గ్లాసు మెరుస్తా కనపడింది. నేరుగా లోపలికెళ్ళి తీసుకుని తాగాడు.

కొట్టారు. ఎందుకు కొడుతున్నారో వాడికి తెలీదు. గ్లాసు వదల్లేదు, వదలకపోవడం పొగరైంది. దానికి ఏడాది ముందే, 1985 జూలై 17న, మాకు కూతవేటు దూరంలో కారంచేడులో మాదిగల్ని వెంటాడి నరికారు. బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ భయం ఇంకా మా ఒళ్ళు వదల్లేదు. అమ్మ పరిగెత్తుకొచ్చి అందరి కాళ్ళ మీదా పడి "ఆడు పిచ్చోడయ్యా, ఆడికేం తెలవదు, పిచ్చోడు" అంది. అప్పుడు వదిలేశారు. పిచ్చోడన్న మాటే ఆ రోజు వాణ్ణి బతికించింది. కానీ అది అమ్మ నోటినుంచి వచ్చింది. అందరూ అన్నప్పుడు ఒప్పుకోని మనిషి తనే అంది.

ఇక 2017కి వస్తాను. నేను చదువుకుని సాంఘిక సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా పనిచేశాను. నా కూతురు హైదరాబాదులో ఉంటుంది. దాని కొడుకు మూడేళ్ళొచ్చినా పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారుని తిరగేసి చక్రం తిప్పుకుంటా కూచుంటాడు. "మగపిల్లలకి మాట ఆలస్యంగా వస్తుందిలే" అని నేనే ఒక ఏడాది చెడగొట్టాను. ఆ తప్పు నాదే. 18 నెలలకే అనుమానించొచ్చనీ, రెండేళ్ళకల్లా చాలామంది పిల్లల్లో నిలకడగా చెప్పొచ్చనీ తర్వాత తెలిసింది.

సికింద్రాబాదు మనోవికాస్ నగర్లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. అక్కడికి తీసుకెళ్ళాం. రక్తపరీక్ష ఏదో చేసి చెప్తారనుకున్నా. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్షా లేదు, స్కానూ లేదు. పిల్లాడితో ఆడి చూస్తారు, తల్లిని అడుగుతారు. మన దేశం కోసం ఈ సంస్థే 2009లో తయారు చేసిన కొలత ఒకటుంది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా. మొత్తం 70కి చేరితే ఆటిజం కిందకి వస్తుంది. మా మనవడిది దాటింది. అమ్మాయి ఏడ్చింది. అక్కడావిడ కాగితం మీద రాసుకుంటా "మీ ఇంట్లో ఇట్లాంటివాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా" అని అడిగింది. నా నోట మాట రాలేదు. మేకుల వరస కళ్ళముందు కనపడింది.

ఆటిజం గురించి 1943లో అమెరికాలో కానర్ అనే డాక్టరు రాశాడు. ఆయన చూసిన పిల్లల తల్లిదండ్రులు ఎక్కువమంది బాగా చదువుకున్నవాళ్ళు. డాక్టరు దాకా రాగలిగినవాళ్ళు వాళ్ళే మరి. దాంతో చాలాకాలం ఇది పెద్దింటి జబ్బనుకున్నారు. 1979లో లండన్ పేటలో లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ తీసిన లెక్కలు బయటికొస్తేగానీ ఆ భ్రమ తొలగలేదు. ఇంకో మాట కూడా ప్రచారం చేశారు, తల్లి మనసు ఫ్రిజ్‌లా చల్లగా ఉంటే పిల్లలు ఇట్టా అవుతారని. ఆ సిద్ధాంతం ఎప్పుడో కొట్టుకుపోయింది. మా అమ్మ ఫ్రిజ్‌ని చూసింది కూడా ఎప్పుడో పెద్దయ్యాక, చీరాల సోడా కొట్లో. అక్కడ ఫ్రిజ్, ఇక్కడ గ్రహణం. ఏ దేశమైనా నింద వేసేది తల్లిమీదే.

2018లో తమ్ముణ్ణి, అమ్మనీ రైలెక్కించాను. తమ్ముడికి 44, అమ్మకి డెబ్బై దాటాయి. మా ఉద్యమ మిత్రుడొకాయన అడ్డం చెప్పాడు. "మనకి ఇప్పటికే ముద్రలు చాలవా, ఇంకో ముద్ర ఎందుకు? ఈ వయసులో తేల్చుకుని ఏం చేస్తారు?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. మన పిల్లల్ని బుర్ర తక్కువ వాళ్ళని తేల్చడానికి పరీక్షల్ని వాడిన చరిత్ర ఉంది. నేను కూడా అనుమానంతోనే పోయాను.

పెద్దవాళ్ళని పరిశీలించేటప్పుడు కూడా చిన్నప్పటి సంగతులు తెలియాలట. ఆటిజం చిన్నప్పట్నుంచీ ఉండేది కాబట్టి, నడిమధ్యలో వచ్చిన వేరే జబ్బు కాదని తేల్చుకోవాలి. ఆ సంగతులు చెప్పేది ఎవరు? ఆస్పత్రి కాగితం లేదు, బడి రికార్డు లేదు. అమ్మే రికార్డు. ఆ సైకాలజిస్టు అమ్మాయి అమ్మని కుర్చీలో కూచోమంది. అమ్మ కింద కూచోబోయింది. లేపి కూచోబెట్టి అడగటం మొదలుపెట్టింది.

"చిన్నప్పుడు ఏదన్నా కావాలంటే వేలితో చూపించేవాడా అమ్మా?"

"చూపించడు మేడంగారూ. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కుండమీద పెట్టేవోడు. నా చెయ్యే ఆడి చెయ్యైనట్టు."

ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి అమ్మ మొహంలోకి చూసింది. "ఇంకా చెప్పమ్మా" అంది. అమ్మ చెప్పింది. డప్పు గురించి, గ్లాసు గురించి, ఉన్ని దుప్పటి ఒంటికి తగిలితే ఏడ్వడం గురించి, పాలు తాగేప్పుడు కూడా మొహంలోకి చూడకపోవడం గురించి. రెండు గంటలు. నేను చదువుకున్నదాన్ని, నాకు ఇందులో సగం తెలీదు. డెబ్బై ఏళ్ళలో చదువుకున్న మనిషి మా అమ్మని ప్రశ్న అడిగి జవాబు రాసుకోవడం అదే మొదలు. వేలిముద్రలైతే చాలాసార్లు వేయించుకున్నారు.

చివర్లో అమ్మ తనంతట తనే టీ కొట్టు సంగతి ఎత్తింది. "నేనే అన్నానమ్మా పిచ్చోడని. నా నోటితోనే" అంది. ఆ అమ్మాయి "పిచ్చి కాదమ్మా. పుట్టుకతో వాళ్ళ మెదడు నడిచే తీరు వేరు. మీరు చేసినదానివల్ల వచ్చింది కాదు" అని నిదానంగా చెప్పింది. అమ్మ "గ్రహణం వల్ల కాదా?" అని అడిగింది. కాదంది. అమ్మ రైల్లో మళ్ళీ నన్ను అడిగింది. ఇంటికొచ్చాక మళ్ళీ అడిగింది.

ఏం ఒరిగిందంటారా? నయం కాలేదు, నయం చేస్తామని వాళ్ళూ అనలేదు. మనవడికి చిన్నప్పుడే తెలిసింది కాబట్టి మాట నేర్పించడం, బొమ్మలు చూపించి అడగటం అలవాటు చెయ్యడం కుదిరింది. ఇప్పుడు బడికి పోతున్నాడు. తమ్ముడికి ఆ కాలం దాటిపోయింది. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. జిల్లా ఆస్పత్రి మెడికల్ బోర్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగి సర్టిఫికెట్ తెచ్చాం. తిరిగిన ప్రతిసారీ ఒక కూలి పోయింది, అది కూడా చెప్పాలి. ఆంధ్రలో ఈ పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 6,000. నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది. అన్నిటికంటే అమ్మ భయం ఒకటుండేది, తన తర్వాత వీడి సంతకం ఎవరు పెడతారని. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కమిటీకి అర్జీ పెట్టి నన్ను సంరక్షకురాలిగా రాయించింది. ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుంది.

ఇంట్లో జరిగిన మార్పు ఇంకోటి. వాణ్ణి కేకలెయ్యడం ఆగిపోయింది. రేపేం జరుగుతుందో ముందురోజే చెప్తున్నాం. చెప్తే వస్తాడు. 44 ఏళ్ళు చెప్పకుండా లాక్కెళ్ళాం.

నా హాస్టల్లో పదో తరగతి పిల్ల గురించి కూడా రెండు మాటలు. తోటిపిల్లలు నవ్వినప్పుడు లెక్కపెట్టినట్టు మూడు సెకన్లు ఆలస్యంగా నవ్వేది. టీచర్లు పొగరన్నారు. తమ్ముడి సంగతి తెలియకపోతే నేనూ అనేదాన్నే. ఆడపిల్లలు చుట్టుపక్కల వాళ్ళని చూసి అనుకరించి దాచుకుంటారు, అందుకే చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పరిశీలన చేయించాక ఆ పిల్ల "అయితే నేను చెడ్డదాన్ని కాదా మేడం" అంది. 15 ఏళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్న కాదది. పరీక్షలో అదనపు సమయం ఇప్పించాం, పాసైంది.

అమ్మ 2021లో పోయింది. చావుకి డప్పు లేకుండా ఎట్టా అని మా బాబాయి పట్టుబట్టాడు. వాయించొద్దని నేను అనలేదు. నాన్న వాయిద్యం అది, అమ్మకి దక్కాల్సిందే. "అరగంట ఆగు బాబాయ్" అన్నా. తమ్ముడికి ముందురోజు రాత్రే చెప్పి ఉంచాను, డప్పు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో. వాడు లోపలికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు పట్టుకుని, తన స్టీలు గ్లాసు తీసుకుని కాలవ కట్ట మీదకి నడిచిపోయాడు. వాడు చింతచెట్టు దాటాక బాబాయి మొదటి దరువు వేశాడు.

మట్టి చేసి వచ్చేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"డప్పు అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది. రా, నీళ్ళు పోసుకుందువు."