ముక్కుకు తెలిసిన వైను

జార్జియా దేశం తూర్పు భాగంలో కఖేతి అనే ప్రాంతం ఉంది. అక్కడ వైను చేసే ఇళ్లలో కొట్టంలోకి అడుగుపెడితే నేలమీద గుండ్రటి మూతలు కనిపిస్తాయి. ఒక్కో మూత కింద ఒక్కో మట్టి బాన. మనిషి లోపలికి దిగి కడిగేంత పెద్దవి కూడా ఉంటాయి. పేరు క్వెవ్రీ. లోపలి గోడలకు తేనెమైనం పూసి మెడ దాకా భూమిలో పాతేస్తారు. కోతల కాలంలో ర్కత్సితెలి అనే తెల్ల ద్రాక్షను నలగ్గొట్టి, రసంతో పాటు తొక్కలు, గింజలు, ఒక్కోసారి కాడలు కూడా అందులో పోస్తారు. పులియడం అయ్యాక మూత బిగించి వసంతం దాకా దాని జోలికి పోరు. బాన అడుగు కోసుగా ఉంటుంది కాబట్టి గింజలు అక్కడికి జారతాయి, వాటిమీద తొక్కలు పరుచుకుంటాయి, గింజల చేదు వైనులోకి పెద్దగా దిగదు. ఆర్నెల్ల తర్వాత తోడితే వచ్చేది ముదురు తేనె రంగు వైను.

వాళ్లు దీన్ని అంబర్ వైన్ అంటారు. ఆరెంజ్ వైన్ అన్న పేరు 2004లో డేవిడ్ హార్వీ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి పెట్టాడు. ఇందులో నారింజ పండు ఏమీ ఉండదు. మామూలుగా తెల్ల వైను చేసేటప్పుడు ద్రాక్షను పిండగానే తొక్కలు తీసేస్తారు, ఎర్ర వైనుకైతే ఉంచుతారు. తెల్ల ద్రాక్షను కూడా ఎర్ర ద్రాక్షలాగే తొక్కలతో పులియబెడితే ఆరెంజ్ వైన్ అవుతుంది. ట్బిలిసీకి దక్షిణాన గడచ్రిలి గోరా, షులవెరిస్ గోరా దిబ్బల్లో తవ్వి తీసిన కుండపెంకుల్లో సుమారు క్రీ.పూ. 6000 నాటి వైను ఆనవాళ్లు ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. క్వెవ్రీ పద్ధతిని యునెస్కో 2013లోనే మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీలో స్లోవేనియా సరిహద్దును ఆనుకున్న ఓస్లావియా గ్రామంలో యోస్కో గ్రావ్నర్ అనే వైను తయారీదారు స్టీలు ట్యాంకులతో, కొత్త ఓక్ పీపాలతో 2000 నాటికే పేరు తెచ్చుకున్నాడు. ఆ ఏడాదే జార్జియా వెళ్లి ఈ బానలు చూసి వచ్చాడు. 2001 పంట నుంచి తన రిబొల్లా ద్రాక్షను వాటిలోనే పులియబెట్టడం మొదలుపెట్టాడు. చేతికి వచ్చిన పేరును పణంగా పెట్టి అంత వెనక్కి నడిచిన ఆయన ధైర్యమంటే నాకు గౌరవం.

ఈ వైను మొదటిసారి తాగేవాళ్లు రంగు చూసి తీపి ఆశిస్తారు. నోట్లో పోసుకుంటే తీపి ఉండదు. ఎండు ఆప్రికాట్ వాసన ముందుగా వస్తుంది. హైదరాబాద్‌లో ఖుబానీ కా మీఠా తిన్నవాళ్లు దాన్ని వెంటనే గుర్తుపడతారు. దాని వెనక ఎండిన నారింజ తొక్క, అక్రోటు పప్పు మీది సన్నని పొర. మింగాక చిగుళ్లు పట్టేస్తాయి. పాలూ పంచదారా లేకుండా ఆకును మరీ ఎక్కువసేపు నాననిచ్చిన టీలో ఉండే వగరు అది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే ఆ వగరు ఒక్కటే మొరటుగా తేలుతుంది. అరగంట ఆగితే వాసనలన్నీ బయటికొస్తాయి.

తీపి ఆశించేలా చేసింది కన్ను. అది ముక్కు కన్నా ముందు తీర్పు చెప్పేస్తుంది. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో గిల్ మోరో, ఫ్రెడెరిక్ బ్రోషే, డెని డ్యుబుర్డియో అనే ముగ్గురు బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. వైన్ రుచి చెప్పడమంతా బూటకమనడానికి ఇప్పటికీ ఈ పరిశోధననే చూపిస్తారు. నాకది అన్యాయంగా కనిపిస్తుంది. రంగు ముందే తెలిస్తే మనసు ఆ రంగుకు తగిన మాటలనే వెతుక్కుంటుందని మాత్రమే అందులో తేలింది. రుచి చూసే వృత్తిలో ఉన్నవాళ్లు కొందరు నల్ల గ్లాసులు వాడేది అందుకే.

ముక్కు చెప్పేదానికి సాక్ష్యం ఉంది. సిరా ద్రాక్షతో చేసిన ఎర్ర వైనులో మిరియాల వాసన ఉందని ఎప్పటినుంచో రాస్తున్నారు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దానికి కారణం రొటండోన్ అనే పదార్థమని పట్టుకున్నారు. మన పోపుల పెట్టెలో ఉండే మిరియాలకు ఆ వాసన ఇచ్చేది కూడా అదే. ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరి ముక్కు ఈ పదార్థాన్ని అసలు పసిగట్టలేదని కూడా అదే పరిశోధనలో బయటపడింది. ఒకే సీసా ముందు కూర్చుని ఒకరు మిరియాలన్నా, పక్కవాళ్లు ఏమీ లేదన్నా ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

నాకు ఇంతకన్నా ఇష్టమైన సాక్ష్యం ఫ్రాన్స్ తూర్పు అంచున జూరా కొండల్లో ఉంది. అక్కడ సవన్యాన్ అనే తెల్ల ద్రాక్ష వైనును పీపాల్లో నింపుతారు. ఆవిరై తరిగిపోతున్నా మళ్లీ పోయరు. పైన ఈస్టు పొర కడుతుంది. ఆ పొర కింద అయిదేళ్లు తగ్గకుండా ఉంచి, కోత నాటి నుంచి ఆరేళ్లు దాటాకే 62 సెంటీలీటర్ల పొట్టి సీసాల్లో అమ్ముతారు. వాన్ జోన్ అంటారు దాన్ని. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట అక్రోటు, ఆ వెంటనే మెంతులు. నేనిక్కడ పోలిక చెప్పడం లేదు. మెంతులకు ఆ వాసన ఇచ్చే సొటొలోన్ అనే పదార్థం ఈ వైను ముదిరేకొద్దీ అందులోనే తయారవుతుంది. యూరప్ వాళ్లు చాలామంది దీన్ని కర్రీ వాసన అని రాసి సరిపెట్టుకుంటారు. ఏటా ఆవకాయలో మెంతులు పడే ఇంట్లో పెరిగిన ముక్కు అంతటితో ఊరుకోదు. నానిన మెంతులా, వేయించిన మెంతులా, పొడి చేసినవా అని కూడా తేల్చగలదు. నా మట్టుకు ఇది వేయించకముందు, డబ్బా మూత తీయగానే వచ్చే వాసన.

వైన్ వర్ణన అనగానే తెలుగువాళ్లు చాలామంది వెనకడుగు వేస్తారు. బ్లాక్‌కరెంటూ గూస్‌బెర్రీ మనకు తెలియవు కదా అంటారు. తెలియకపోతే ఆ మాటలు వాడనక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ 1984లో అరోమా వీల్ అనే వాసనల చక్రాన్ని ప్రకటించినప్పుడు సొగసు, ఉదాత్తం లాంటి పొగడ్త మాటలను పక్కకు తోసేసి, చేత్తో పట్టుకోగల వస్తువుల పేర్లే ఉంచారు. ముక్కుకు సాధన కావాలంటే పెద్దగా వాసన లేని చవక వైనును గ్లాసుల్లో పోసి, ఒక్కో దాంట్లో ఒక్కో వస్తువు వేసి వాసన చూడాలని కూడా ఆమె నేర్పారు. మన ఇంట్లో అయితే ఆ గ్లాసుల్లో మిరియాలు, మెంతులు, లవంగం, కాప్సికం ముక్క వేసుకోవచ్చు. లవంగంలోని యూజినాల్ ఓక్ పీపా చెక్కలోనూ ఉంటుంది. కాప్సికం వాసన ఇచ్చే పైరజీన్లు కాబర్నే సావిన్యాన్ ద్రాక్షలో ఉంటాయి. అయితే ఆ చక్రంలో నాకు ఒకటి వెలితిగా ఉంటుంది. వగరు ఎక్కడ పట్టింది, ఎంతసేపు నిలిచింది అన్నది అందులో లేదు. జీడిమామిడి పండు గొంతును పట్టుకుంటుంది, నేరేడు నాలుకను పట్టుకుంటుంది. ఈ తేడా తెలిసినవాళ్లు వైనులో దాన్ని వదిలేయకూడదు. ఒక్క గుక్కకు డజను పండ్ల పేర్లు వరసపెట్టే వర్ణనను నేను నమ్మను.

వగరు సంగతి బాగా తెలిసేది ముదిరిన ఎర్ర వైనుల్లో. ఇటలీలోని పియెమోంటెలో నెబ్బియోలో ద్రాక్షతో బరోలో చేస్తారు. చట్టం ప్రకారం అమ్మకానికి ముందు 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో గడవాలి. రిజర్వా అయితే 62 నెలలు. రంగు మొదటినుంచీ పలచనే. అది చూసి తేలికపాటి వైను అనుకున్నవాళ్లకు చిగుళ్లు బిగుసుకుపోతాయి. ఇక్కడా తప్పుదారి పట్టించేది కన్నే. లేత బరోలోలో గులాబీ, దాంతో పాటు ఎండకు కాగుతున్న కొత్త తారురోడ్డు వాసన. ఇరవై ఏళ్లు దాటాక వగరునిచ్చే టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతాయి. వగరు మెత్తబడుతుంది. గ్లాసు అంచున ఇటుక రంగు, ఆపైన దాదాపు నారింజ. తెల్ల వైను వయసుతో ముదురుతుంది, ఎర్రది వెలిసిపోతుంది. అందుకే బాగా పాత బరోలో అంచుకూ కఖేతి అంబర్‌కూ రంగులో పెద్ద తేడా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం రెండూ వేరు లోకాలు. బరోలోలో ఎండిన గులాబీ, పుట్టగొడుగు, పొగాకు ఉంటాయి. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగినవాళ్లకు వేడికి ఆరుతున్నప్పటి ఆకు వాసన వేరని, కట్టలు కట్టి ఉంచిన ఆకు వాసన వేరని తెలుసు. బరోలోది ఈ రెండోది.

ఇలాంటి సీసాను ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టి ఉంచాలి, మడ్డి కిందికి దిగాలి. వంచేటప్పుడు తొందరపడకూడదు. తడిసిన అట్టపెట్టె కంపు కొడితే బిరడా నుంచి టీసీఏ అనే పదార్థం వైనులోకి దిగిందన్నమాట, ఎంతసేపు గాలి ఆడనిచ్చినా పోదు. బాగున్న సీసాను మాత్రం గంటసేపు వదలకుండా గమనించాలి. పాత వైను గాలి తగిలాక కాసేపు విచ్చుకుని, తర్వాత చప్పబడవచ్చు. వాసనల పక్కన గడియారంలో టైము కూడా రాసి పెట్టుకోవడం నా అలవాటు. మూత తీసిన పదినిమిషాలకు పుట్టగొడుగు, అరగంటకు గులాబీ, గంటకు వట్టి పులుపు. అదే పెట్టెలోంచి తీసిన మరో సీసా ఈ వరసలోనే నడవాలని లేదు. ఇన్నేళ్లలో ఒక్కో బిరడా లోపలికి వదిలిన గాలి ఒక్కో మోతాదు.