సొరతల్లి - కప్పతల్లి



మా కోనసీమలో బాలింత యున్న యింటికి చేపలమ్ము స్త్రీలు పాలసొరను దెచ్చుట వాడుక. దానిని దిన్నచో తల్లికి పాలు పడునని నమ్మకము. మా యింట చేపలు వండరు. అయినను దాని సంగతి తెలిసికొన గోరి, ఉపాధ్యాయులైన మావారి శాస్త్రగ్రంథములు తిరుగవేసితిని. కారణము వేఱు. నా చెల్లెలు కాలము చేయగా దాని కూతురు నెలల పసికందై నా యొడి జేరినది; ఇప్పుడు నన్ను "అమ్మా" యని పిలుచును. నాకు గడుపు పండలేదు. "కన్నకడుపు వేఱమ్మా!" యని పేరంటములలో ననువారు కలరు.

పాలసొర గ్రుడ్లు పెట్టదు. పిల్లలు మనుష్యశిశువులవలెనే మావితో, బొడ్డుత్రాటితో తల్లి నంటి గర్భములో నించుమించు సంవత్సరము పెరుగును. ఈనిన పిమ్మట తల్లి వాని మొగము చూడదు. పేరున పాలున్నవి గాని దానికి స్తన్యము లేదు. ఉత్తరపు చలిసముద్రముల లోతున మెలగు గ్రీన్‌లాండు సొరయు పిల్లలనే కనును; అది యించుమించు 150 యేండ్లకు గాని యీడేఱదని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నా వయస్సు లెక్కించి నిట్టూర్చువారికీ మాట చెప్పి నవ్వించితిని.

మన వరిచేల కప్పలు నీట గ్రుడ్లు విడిచి పోవును. మధ్య అమెరికా యడవులలోని స్ట్రాబెర్రీ విషకప్ప యట్లు కాదు. ఎఱ్ఱనిది, రెండు సెంటీమీటర్ల పాటిది. నేలపై నాకులలో పెట్టిన గ్రుడ్లు పిల్లలు కాగానే తల్లి యొక్కొక్క తోకపిల్లను వీపున మోసికొని పోయి, అనాసజాతి మొక్కల యాకుమొదళ్ల నిలిచిన నీటిలో వేఱువేఱుగా నుంచును. కొన్ని దినముల కొకమాఱు వచ్చి, పిల్లలు కాని గ్రుడ్లను వానికి ఆహారముగా బెట్టును. తాను దిన్న చీమలు, నల్లుల వలన గూడిన విషమునుగూడ నా గ్రుడ్లలోనే యిచ్చునని 2014లో తెలిసినది. పిల్లలకు శత్రువులనుండి యదియే రక్ష.

తన గ్రుడ్లనే గదా పెంచుచున్నదని మీరనవచ్చును. ఆ సందేహము నాకును గలిగినది. ఆ తల్లి తన పిల్ల నుంచిన చోట వేఱొకదాని పిల్లను బెట్టి పరీక్షింపగా, దానికిని మేత పెట్టినది. కప్ప గుర్తు పెట్టుకొనునది చోటునే గాని పిల్లను గాదని 2009లో వెల్లడియైనది. దేవకీయశోదల కథ చిన్ననాటనుండి చదివినదాననయ్యు, ఆ పుట దగ్గఱ చాలసేపు కూర్చుంటిని.

మా పిల్లకిది యంతయు చదివి వినిపించితిని. వేలెడైన లేని కప్ప బిడ్డను మోయుచు చెట్టెక్కుటయే దానికి నచ్చినది. తక్కినది పట్టలేదు.