అమ్మాయితో తిరుత్తణి దాకా

మద్రాసు తెలుగువాళ్లకి తిరుత్తణి పొరుగూరి కింద లెక్క. పొద్దున్నే సెంట్రల్ దగ్గర లోకల్ రైలెక్కితే దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. నేను పదిసార్లయినా వెళ్లి ఉంటాను. కాని క్రిందటి డిసెంబరు సెలవుల్లో చేసిన ప్రయాణం వేరు. అమెరికా నుంచి మా చెల్లెలు, మరిది, వాళ్ల పదేళ్ల కూతురు వచ్చారు. ఆ పిల్లని వాళ్లు 2018లో ఈ దారిలోనే ఉన్న ఒక శిశుగృహం నుంచి దత్తత తీసుకున్నారు. అప్పటికి దానికి మూడేళ్లు. ఆ ఊరి పేరు రాయను. అది పిల్ల సొంత విషయం.

ఆవడి దాటగానే పిల్ల అడిగింది: "పెద్దమ్మా, మా ఊరు ఎప్పుడొస్తుంది?"

మా చెల్లెలు కిటికీ వైపు తిరిగింది. శిశుగృహానికి వెళ్లాలా వద్దా అని నాలుగు రోజులుగా ఇంట్లో అదే చర్చ. చూస్తే బెంగ పెట్టుకుంటుందని చెల్లెలు. చూడకపోతే ఏవేవో ఊహించుకుంటుందని మరిది.

ముందు తిరువళ్లూరులో దిగి వీరరాఘవస్వామి గుడికి వెళ్లాం. ఆ ఊరి పేరు వెనక ఒక కథ ఉంది. శాలిహోత్రుడనే మునిని స్వామి ముసలి అతిథి రూపంలో వచ్చి అన్నం అడిగాడట. తిన్నాక "నేను పడుకునే చోటెక్కడ?" అన్నాడట. ముని తన గదే చూపించాడు. స్వామి అక్కడే శయనించాడు. ఆ "ఏ గది" అన్న ప్రశ్నకి తమిళ మాట 'ఎవ్వుళ్'. దాని నుంచి తిరు ఎవ్వుళ్, తిరువళ్లూరు అయ్యాయంటారు.

"మరి ఆ తాతగారు ఎక్కడ పడుకున్నారు?" అంది పిల్ల. అందరం నవ్వాం. కోనేటి పేరు హృత్తాపనాశిని, అంటే గుండెలోని తాపాన్ని పోగొట్టేది. భక్తులు రోగాలు తగ్గాలని అందులో బెల్లం వేస్తారు. మా చెల్లెలు కూడా బెల్లం ముక్క వేసి చాలాసేపు మెట్ల మీద కూర్చుంది. లేచి, "వెళ్దాం పదండి, పిల్లకి చూపిద్దాం" అంది.

దారిలో మరిది వాళ్ల ఫైలు సంగతి చెప్పాడు. విదేశానికి దత్తు వెళ్లిన బిడ్డ ఎలా ఉందో రెండేళ్లపాటు మన దేశానికి తెలియజేయాలి. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి, మొత్తం ఆరు రిపోర్టులు. అక్కడి అధీకృత సంస్థ మనిషి ఇంటికొచ్చి బిడ్డ ఎత్తు, బరువు, ఆరోగ్యం, చదువు, ఇంట్లో కలిసిపోయిన తీరు చూసి, ఫోటోలతో సహా 'కారా' అనే కేంద్ర సంస్థకి పంపుతారు. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరం మీద సుప్రీంకోర్టు 1984లో ఇచ్చిన తీర్పు ఈ పద్ధతికి పునాది. 'కారా' 1990లో వచ్చింది. దేశాల మధ్య దత్తతలపై హేగ్ ఒడంబడికను మన దేశం 2003లో ఆమోదించింది.

"ఎవరో ఇంట్లోకొచ్చి మమ్మల్ని పరీక్ష చేస్తున్నట్టుండేది. ఆరో రిపోర్టు వెళ్లిన రోజు పండగ చేసుకున్నాం" అన్నాడు. ఆ తరువాత ఫైలు బీరువాలోకి వెళ్లిపోయింది.

శిశుగృహంలో ఒక ఆయా ఉంది. అరవై దాటి ఉంటాయి. ఆ పక్క ఊళ్లలో చాలామందిలాగే ఇంట్లో తెలుగే. పిల్లని చూసి పేరు పెట్టి పిలవలేదు, ఏడవలేదు. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ చూసి, "నువ్వేనా తల్లీ, అన్నం సరిగ్గా తింటున్నావా?" అంది. తరువాత మా చెల్లెలితో, "మీరు పంపే ఫోటోలు ఆఫీసులో చూపించేవాళ్లమ్మా. రెండేళ్లయ్యాక రాలేదు. ఎలా ఉందో అనుకునేదాన్ని" అంది. మా చెల్లెలు తల వంచుకుంది. ఏ రూలూ అడగని ఏడో ఉత్తరం అది.

"నన్ను కన్నమ్మ ఎవరు?" అని పిల్ల అక్కడే అడిగింది. నిర్వాహకురాలు విసుక్కోకుండా చెప్పారు. పద్ధెనిమిది నిండితే తన మూలాలు తెలుసుకోవడానికి తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందైతే తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవాలి. కన్నతల్లి వివరాలు గోప్యంగా ఉంచవలసి రావచ్చు, అందుకని అన్ని జవాబులూ దొరకకపోవచ్చు. పిల్ల మా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చెల్లెలు "నేను కూడా సంతకం పెడతాను" అంది.

తిరుత్తణి చేరేసరికి ఎండ తగ్గింది. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో పుట్టిన ఊరు ఇది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు, 365. పిల్ల లెక్కపెడుతూ ఎక్కింది, మేం ఆయాసపడుతూ ఎక్కాం. కుమారస్వామిని ఆరుగురు కృత్తికలు పెంచారనీ, అందుకే కార్తికేయుడయ్యాడనీ చెప్పాను. "అంటే చాలామంది అమ్మలున్నా ఫర్వాలేదన్నమాట" అంది. ఫర్వాలేదన్నాను.

దిగేటప్పుడు మరిది ఒక మాటన్నాడు. అమెరికా పౌరులు దత్తత తెచ్చుకున్న పిల్లలకి, షరతులు కుదిరితే, పౌరసత్వం దానంతటదే వచ్చే చట్టం 2001 ఫిబ్రవరి 27న అమలైంది. ఆనాటికే పద్ధెనిమిది నిండినవాళ్లకి అది వర్తించలేదు. పెంచినవాళ్లు కాగితాలు పట్టించుకోకపోవడంతో, ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడే పెరిగినా పౌరులు కాలేకపోయినవాళ్లున్నారు. తమ అమ్మాయి సర్టిఫికెట్టు భద్రంగా ఉందనీ, ఇంటికెళ్లగానే ఫైలు మొత్తం దానికి చూపిస్తామనీ చెప్పాడు.

మన సంఘంలోనూ దత్తత తీసుకున్నవాళ్లు, తీసుకోవాలనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకి పెద్దదానిగా ఒక్క మాట. రిపోర్టులు ఆరుతో అయిపోతాయి. బిడ్డకి నిజం దాచకుండా వయసుకి తగ్గట్టు చెప్పడం, కాగితాలు భద్రం చేయడం, కష్టమొస్తే దాచుకోకుండా సాయం అడగడం, వీటికి గడువు లేదు.

మొన్న సంక్రాంతికి శిశుగృహానికి ఒక కవరు వెళ్లింది. అందులో ముగ్గురూ కలిసి దిగిన ఫోటో. వెనక పిల్ల చేతి రాత, తెలుగులో, రెండు తప్పులతో: "అన్నం బాగ తింటునాను."