గుర్రం ‘కట్’ చెప్పదు

సిద్దిపేటలో సినిమాకు పోతే టైటిల్స్‌కు ముందు ఒక వాక్యం పడుతుంది, జంతువులకు ఎలాంటి హాని జరగలేదని. అది చదివేలోపే హాల్లో ఈలలు మొదలవుతాయి. కానీ 2021 ఆగస్టు నుంచి నా కళ్లు అక్కడే ఆగుతున్నాయి.

ఆ నెలలో మనకు వంద కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ శివార్లలో ‘పొన్నియిన్ సెల్వన్’ షూటింగులో ఒక గుర్రం చచ్చిపోయింది. ఇంకో గుర్రాన్ని ఎదురుగా ఢీకొట్టిందని వార్తలొచ్చాయి. అలసిపోయిన గుర్రాలతో గంటల తరబడి పని చేయించారని పెటా ఇండియా ఆరోపించింది. అబ్దుల్లాపూర్‌మెట్ పోలీసులు నిర్మాణ సంస్థ యాజమాన్యం మీద, గుర్రం యజమాని మీద కేసు పెట్టారు.

మనకు రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. 2001 నిబంధనల ప్రకారం సినిమాలో జంతువును వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. పశువైద్యుడి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. నాడాలు కొట్టకుండా గట్టి నేల మీద గుర్రాన్ని నడిపించొద్దు. పేలుళ్లు, పెద్ద శబ్దాల దగ్గర జంతువును ఉంచొద్దు. ఇంతా చేసి, 1960 నాటి చట్టంలో క్రూరత్వానికి మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కూడా రాదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా పనిలో ఏదైనా తేడా కొడితే పాత వెర్షన్‌కి వెనక్కి పోతాం. గుర్రానికి పాత వెర్షన్ ఉండదు. హీరోకి అలసటైతే క్యారవాన్ ఎక్కుతాడు. గుర్రం మాత్రం పరుగెత్తమంటే ఇంకో టేక్ కూడా పరుగెత్తుతుంది. ఎండలో గట్టిగా ఉరికే గుర్రం గంటకు 10 లీటర్ల దాకా చెమట రూపంలో కోల్పోగలదు. మెడ దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే, అది మెల్లగా సర్దుకుంటే ఒంట్లో నీళ్లు తగ్గినట్టే. దానికి మిషన్లేం అక్కర్లేదు, చూసే మనిషి కావాలంతే.

అట్లాంటి మనిషిని మా కజిన్ బరాత్‌లో చూశాను. డీజే మోగుతోంది, పటాకులు పేలుతున్నాయి. గుర్రం పట్టుకున్న పిల్లగాడు “అన్నా, జర దూరం కాల్చమని చెప్పుండ్రి, ఇది బెదురుతది” అని బతిమాలుతున్నాడు. ఎవరూ వినలేదు. మా పెద్దమ్మ ఎదురుపోయి డీజే ఆపించింది. గుర్రానికి నీళ్లు తాపినంకనే బరాత్ కదిలింది. పిల్లగాడికి గుర్రం సంగతి తెలుసు, కానీ ఆపే అధికారం లేదు. పెద్దమ్మకు ఆ అధికారం ఉంది.

సెట్‌లో కూడా ఈ రెండూ ఒక్కరి దగ్గరే ఉండాలి. డైరెక్టర్‌తో సమానంగా ‘కట్’ చెప్పగలిగే పశువైద్యుడు కావాలి. టైటిల్స్‌కు ముందు వచ్చే ఆ వాక్యం కింద ఆయన పేరు కూడా వేయండి. ఎవరి మాట మీద నమ్మాలో మాకూ తెలుస్తుంది.