ముందు ఒళ్ళు, తర్వాత ట్రే, ఆ తర్వాత ఇల్లు

సికింద్రాబాద్‌లో కంటోన్మెంటుకు ఆనుకొని ఉన్న ఒక కాలనీ. కింద మందుల షాపు, పైన ట్యూషన్ సెంటరు, మధ్య అంతస్తులో పశువైద్యురాలి క్లినిక్. బుధవారం మధ్యాహ్నం మూడు దాటితే అక్కడ కుక్కలకు ప్రవేశం లేదు. ఆ పూటంతా పిల్లులదే. గోడ పొడవునా నడుమెత్తున చెక్క అరలు కొట్టించారు. వచ్చినవాళ్ళు పిల్లి బుట్టను నేల మీద కాకుండా అరలో పెట్టి, పైన తువ్వాలు కప్పాలి. ఎత్తులో ఉండి, ఎదుటి పిల్లి కంటపడకపోతే దాని భయం సగం తగ్గుతుందట. నేను వెళ్ళేసరికి ఆరు బుట్టలున్నాయి. ఒక్క అరుపూ వినపడలేదు.

నేను వెళ్ళింది ఒకే ఒక ఫిర్యాదు సంగతి తేల్చుకుందామని. పిల్లిని పెంచే ఇళ్ళలో ఇప్పుడు తరచూ వినపడే మాట అది: "ఇన్నాళ్ళూ బుద్ధిగా ట్రేలో పోసేది, ఈమధ్య మంచం మీద పోస్తోంది." విసిగిపోయి ఎవరికో ఇచ్చేసేవాళ్ళున్నారు, సంచిలో వేసుకెళ్ళి మార్కెట్ దగ్గర వదిలేసేవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో ఈ గొడవ లేదు. పిల్లి పెరట్లోకి పోయేది. బూడిద కుప్పలోనో, ఇల్లు కట్టేవాళ్ళు పోయించుకున్న ఇసుకలోనో గుంట తీసి, పని కానిచ్చి, కప్పెట్టి వచ్చేది. ఎక్కడికి పోయావని అడిగినవాళ్ళు లేరు. అపార్టుమెంటు పిల్లికి పెరడంటే ఆ అడుగున్నర ప్లాస్టిక్ ట్రేనే.

"నా దగ్గర ఒక వరస ఉంది," అన్నారు డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ. "ముందు ఒళ్ళు చూస్తాను, తర్వాత ట్రే సంగతి అడుగుతాను, ఆ తర్వాత ఇంటి సంగతి. జనం దీన్ని తిరగేసి వస్తారు. పిల్లికి పొగరెక్కింది అన్న దగ్గర మొదలుపెడతారు."

మొదటి బుట్టలో ఉన్నది మూడేళ్ళ మగ పిల్లి, పేరు సింబా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. తెచ్చిన కుర్రాడి కళ్ళలో నిద్ర లేదు. "నిన్న రాత్రి నుంచి అచ్చంగా కాలుగాలిన పిల్లే మేడం. ట్రేలోకి వెళ్తుంది, కూర్చుంటుంది, లేస్తుంది. బాత్రూంలో కూర్చుంటుంది, సోఫా వెనక కూర్చుంటుంది. మలబద్ధకం అనుకుని కాస్త నెయ్యి పెట్టాం."

ఆవిడ మాట్లాడకుండా దాని పొట్ట కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమారు. "బత్తాయంత ఉంది మూత్రాశయం. ఇది దొడ్డి కాదు బాబూ, ఉచ్చ బిగిసింది. చుక్క పడటం ఆఖరున ఎప్పుడు చూశావు?" కుర్రాడి దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. పాదాలకు ఈసీజీ క్లిప్పులు పెట్టారు, ముందు కాలి నుంచి నెత్తురు తీశారు. మూత్రం బయటికి పోకపోతే పొటాషియం నెత్తుట్లో పేరుకుంటుంది, గుండె లయ తప్పుతుంది. పూర్తిగా బిగిసిన మగ పిల్లి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. మత్తిచ్చాక ఆవిడ చేతిలోకి తీసుకున్న క్యాథెటర్ మందం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. సెలైన్ కొట్టడం, కొంచెం వెనక్కి లాగడం, మళ్ళీ కొట్టడం. నాలుగోసారికి గొట్టం చివర తెల్లటి జిగురు ముద్ద బయటపడింది. వేలి మీద వేసుకుని నలిపితే గరగరలాడింది. దాని వెంటే ఎర్రగా కలగలిసిన మూత్రం స్టీలు గిన్నెలోకి ధార కట్టింది. కాంపౌండరు కుర్రాడు అప్పుడు ఊపిరి వదిలాడు.

మగ పిల్లికి మూత్రనాళం చివర బాగా సన్నం. మూత్రంలో ఏర్పడే స్ట్రువైట్ స్ఫటికాలు, మూత్రాశయం గోడ నుంచి ఊడిన జిగురు కలిసి అక్కడ బిరడా బిగిస్తాయి. ఆడ పిల్లికి నాళం పొట్టి, వెడల్పు. అందుకే దానికి ఇలా బిగుసుకోవడం అరుదు.

సింబాను లోపలి గదిలో పడుకోబెట్టి వచ్చాక ఆవిడ అసలు సంగతి చెప్పారు. వయసులో ఉన్న పిల్లులు మూత్రం బాధతో వస్తే, సగానికి పైగా వాటిల్లో రాయి దొరకదు, సూక్ష్మక్రిమీ దొరకదు. మూత్రాశయం లోపలి గోడ మాత్రం వాచి ఉంటుంది. దీనికి ఫెలైన్ ఇడియోపతిక్ సిస్టైటిస్ అని పేరు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశాడు. బెదురు, ఒత్తిడి ఈ జబ్బును రేపుతాయనీ, పిల్లి బతికే చోటును సర్దితే లక్షణాలు తగ్గుతాయనీ 2006లో ఆయన బృందం ప్రచురించింది.

"తమాషా ఏమిటంటే," అన్నారావిడ, "నాళం బిగుసుకోకపోతే ఇది చాలావరకు వారం రోజుల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. అందుకే ఏ యాంటీబయాటిక్ ఇచ్చినా పనిచేసినట్టే కనపడుతుంది. నెల తిరగ్గానే మళ్ళీ వస్తుంది. ఈలోపు ఇంకో చిక్కు. నొప్పి కడుపులో పుట్టిందని పిల్లికి తెలీదు. ట్రేలో కూర్చుంటే మండింది కాబట్టి తప్పంతా ట్రేదే అనుకుంటుంది. జబ్బు తగ్గినా ఆ అనుమానం మిగులుతుంది."

రెండో బుట్టలో పద్నాలుగేళ్ళ ముసలి పిల్లి, వెంట రిటైరైన రైల్వే ఉద్యోగి. "ట్రే దాకా వెళ్తుందండీ, లోపలికి మాత్రం దిగదు. పక్కనే పోసి వస్తుంది," అన్నారాయన. డాక్టరమ్మ దాన్ని పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి వదిలేశారు. అది కిందికి చూసింది, ముందు కాళ్ళు దించింది, మళ్ళీ పైకి లాక్కుంది. దూకడానికి నిమిషం పట్టింది. పన్నెండేళ్ళు దాటిన పిల్లులకు ఎక్స్‌రే తీస్తే నూటికి తొంభైకి కీళ్ళ అరుగుదల కనపడిందని 2002లో ఒక పరిశోధన తేల్చింది. కుంటే పిల్లి అరుదు కాబట్టి ఇంట్లోవాళ్ళకు అది తెలియదు. ఏడంగుళాల అంచు దాటడం దానికి మేడ మెట్లెక్కినంత పని.

వదిలిపెట్టే ముందు మూత్రం చుక్క తీసి రిఫ్రాక్టోమీటరు గాజు మీద వేసి, వెలుతురుకేసి పట్టి నాకూ చూపించారు. నీలానికీ తెలుపుకీ మధ్య గీత 1.014 దగ్గర ఆగింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం చిక్కన, మామూలుగా 1.035 దాటుతుంది. "నీళ్ళు ఎక్కువ తాగుతోందా?" అని అడిగితే, "బకెట్లో మూతి పెట్టి తాగుతోందండీ, ఎండలని ఊరుకున్నాం," అన్నారాయన. మూత్రపిండాలు, షుగరు, థైరాయిడ్ పరీక్షలకు నెత్తురు వెళ్ళింది. ట్రేకు మాత్రం ఆ పూటే పరిష్కారం దొరికింది. బట్టలు సర్దుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని, ఒక పక్క రెండంగుళాలు మిగిలేలా కోసి, అంచు గీరుకోకుండా ఉప్పుకాగితంతో రుద్దమన్నారు.

ట్రే ఎంత ఉండాలన్నదానికి కొలత ఉంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి పొడవెంతో దానికి ఒకటిన్నర రెట్లు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫెలైన్ ప్రాక్టీషనర్స్, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉందిది. షాపుల్లో దొరికే ట్రేలు చాలావాటికి ఆ పొడవు లేదు. ఎన్ని పిల్లులుంటే అన్ని ట్రేలు, పైన ఇంకొకటి. అన్నీ ఒకే మూల వరసగా పెడితే పిల్లి లెక్కలో అవి ఒక్కటే. ఒక పిల్లి దారికి అడ్డంగా కూర్చుని ఊరికే చూసినా రెండోది ట్రే వైపు వెళ్ళదు. దాన్ని మనం పోట్లాట కింద జమకట్టం.

వెనక గదిలో, తమ దగ్గర వదిలి ఊరెళ్ళేవాళ్ళ పిల్లుల కోసం, నాలుగు ట్రేలు పక్కపక్కన పెట్టారు. జల్లించిన ఇసుక, సన్నటి బెంటోనైట్, చెక్కపొట్టు గుళికలు, లావెండర్ వాసన కలిపిన పలుకులు. ఏ పిల్లి దేన్ని ఎంచుకుంటుందో పలక మీద రాసి పెడతారు. ఎక్కువ గీతలు సన్నటి బెంటోనైట్ కిందే ఉన్నాయి. మన పెంపుడు పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియాల అడవి పిల్లి. వదులు నేల తవ్వి కప్పెట్టడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. గుళికలు అరికాళ్ళకు గుచ్చుకుంటాయి. పర్షియన్ అయితే వేళ్ళ మధ్య బొచ్చులో ఇరుక్కుంటాయి. లావెండర్ వాసన కొనేవాళ్ళ ముక్కు కోసం కలిపింది.

ఈ మట్టి కూడా పాతకాలపుదేమీ కాదు. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్ లోవ్ అనే వ్యాపారి దగ్గరికి ఒక పొరుగావిడ ఇసుక కోసం వచ్చింది. బూడిద వాడితే పిల్లి పాదాల మచ్చలు ఇల్లంతా పడుతున్నాయని ఆవిడ బాధ. ఆయన నూనె పీల్చుకునే మట్టి రవ్వ ఇచ్చాడు. ఆ సంచులే తర్వాత 'కిట్టీ లిట్టర్' అయ్యాయి. తడి తగిలితే ఉండ కట్టే బెంటోనైట్ రకం 1980లలో వచ్చింది. గదిలో ఉన్న సంచి మీద గుజరాత్ చిరునామా ఉంది. కచ్‌లో ఈ మట్టి గనులు బోలెడు.

మధ్యలో ఆపరేషన్ కాని మగ పిల్లి ఒకటి వచ్చి వెళ్ళింది. అది గోడకు వీపు పెట్టి, తోక నిలబెట్టి వణికిస్తూ, కాస్తంత చిమ్ముతుందట. "ఇది ట్రే మానెయ్యడం కాదు, హద్దు రాయి పాతుకోవడం," అన్నారు డాక్టరమ్మ. ఆపరేషన్‌తో పదింట తొమ్మిది మగ పిల్లులు ఈ పని మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. వాళ్ళు తారీఖు రాయించుకుని వెళ్ళారు.

చివరి బుట్ట వెంట కుటుంబమంతా వచ్చింది. పెద్దావిడ, కొడుకు, కోడలు. పిల్లి పేరు బంగారం, ఆడది, నాలుగేళ్ళది. కొంపల్లి వైపు కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పటి నుంచి గొడవ.

"పగ బట్టింది మేడం," అంది పెద్దావిడ కూర్చోకముందే. "నా మంచం మీదనే పోస్తది. ఇంట్ల అందరు పండుతరు, నా మంచమే దొరికిందా దానికి?"

"పగబట్టే తీరిక దానికెక్కడిది పెద్దమ్మా," అని ఆవిడ ముందు మూత్రం పరీక్ష చేశారు, పొట్ట స్కాన్ చేశారు. అంతా శుభ్రం. అప్పుడు కోడలి చేతికి తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి ఇల్లు గియ్యమన్నారు. హాలు, రెండు పడక గదులు, వంటిల్లు, దాని వెనక యుటిలిటీ. ట్రే ఎక్కడుందో అక్కడ గుండ్రం, పోసిన చోటల్లా ఇంటూ గుర్తు. గుండ్రం యుటిలిటీలో, వాషింగ్ మెషీన్ పక్కన పడింది. ఎదురుగా కిటికీ ఊచలు. వాటి బయట సన్‌షేడ్ మీద ఒక వీధి గండుపిల్లి రోజూ వచ్చి కూర్చుంటుందట. ఇంటూలన్నీ పెద్దావిడ గదిలో పడ్డాయి.

"ఎప్పుడు పోస్తుంది?"

"తెల్లారుజామున," అంది కోడలు.

"వంటింటి తలుపు రాత్రి తీసే ఉంటుందా?"

కోడలు అత్తగారి వైపు చూసింది. "ఏస్త మేడం," అంది పెద్దావిడ. "పాలు కాచి పెడుతము గదా. తీసి పెడితే ఆగుతదా అది?"

కొడుకు నవ్వబోయి ఆగాడు. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా ఆ పిల్లికి ఇంట్లో ట్రే లేదు. పగలు ఉన్నా, మెషీన్ చప్పుడు ఒక పక్క, గండుపిల్లి చూపు ఒక పక్క. ఇక మిగిలిన మెత్తటి చోటు, తనకు బాగా తెలిసిన వాసన ఉన్న చోటు, తన తల నిమిరే మనిషి పరుపు.

మూతి పట్టుకుని తడిలో రుద్దామని కొడుకే చెప్పాడు. "దాంతో అది నేర్చుకునేది మీ కళ్ళ ముందు పోయకూడదని," అన్నారు డాక్టరమ్మ. "ట్రేలో పోయాలని కాదు." ఫినాయిల్‌తో తుడుస్తున్నారని తెలిసి ఆవిడ గొంతు మొదటిసారి గట్టిపడింది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే విషం లోపలికి పోతుంది. మరకకు ఎంజైమ్ ద్రావకం వాడాలి. మూత్రం వాసన పూర్తిగా పోకపోతే పిల్లి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఎక్కడెక్కడ మిగిలిందో చీకట్లో వెతకమని అతినీలలోహిత కాంతి టార్చి ఒకటి అప్పిచ్చారు. మూత్రం పడిన చోటు దాని కింద మెరుస్తుంది.

చీటీ మీద మందు పేరు ఒక్కటీ రాయలేదు. యుటిలిటీ కిటికీకి కింది సగం అట్ట అంటించాలి. మూతలేని పెద్ద ట్రేలు రెండు, వాసన కలపని సన్న మట్టి, రోజుకు రెండుసార్లు ఉండలు తీసెయ్యడం. ఒక ట్రే పెద్దావిడ గది బయట, రెండోది హాల్లో.

"హాల్ల పెడితే వచ్చినోళ్ళు ఏమనుకుంటరు?" అంది పెద్దావిడ.

"మంచం మీద పోస్తే ఏమనుకుంటారు పెద్దమ్మా?"

చాలాసేపు బేరం నడిచింది. టీవీ పక్కన వద్దని ఒకరు, గుమ్మం దగ్గర వద్దని ఒకరు. చివరికి షూ ర్యాక్ తీసి బయట పెట్టాలనీ, ఆ జాగా పిల్లికి ఇవ్వాలనీ తేలింది. ఆ నిర్ణయం చెప్పింది పెద్దావిడే. పాల గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టే పూచీ కోడలికి అప్పగించి, బుట్ట తనే ఎత్తుకుని మెట్లు దిగింది.