పులికాటు నీటి నడుమ

వాల్మీకిపుర వాసులమగు మాకు పక్షిజంట యెడబాటు కథ ఉగ్గుపాలతో వచ్చినది. బోయవాని బాణమునకు క్రౌంచపక్షి కూలగా, దాని జంటపక్షి రోదనము విని కరగిన మునియే ఆదికవి యయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఆ మహర్షి పేరే మా యూరి పేరు. కావున పక్షులు నిర్భయముగా జంటగూడు తావొకటి మన సీమకు దాపుననే కలదని విన్నప్పుడు, దానిని చూడవలెనను కోరిక నాకు కలిగెను. అంతకంటె బలమైన కారణము వేరొకటి కలదు. మావారు మూడేండ్లుగా పులికాటు సరస్సునందలి యొక చిన్న దీవిలో ఉపాధ్యాయులుగా నున్నారు. వృద్ధురాలగు అత్తగారిని, బడికి పోవు పిల్లలను విడిచి నేను కదలలేకపోతిని. తుదకు అత్తగారే, “అమ్మాయీ, నీవొకమారు పోయి రమ్ము. బదిలీకి అర్జీ పెట్టుమని నా మాటగా చెప్పుము” అని పుష్యమాసమున నన్ను పంపిరి.

రైలున పాకాల మీదుగా తిరుపతికిని, అచ్చటినుండి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా బస్సున సూళ్లూరుపేటకును చేరితిని. కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మ తల్లికి మ్రొక్కితిని. ఆ తల్లి గుడి తలుపులు రాత్రియు మూయరు. యెవరెప్పుడు వచ్చినను దర్శనమే. ఇల్లు విడిచి ఒంటరిగా వచ్చిన దానికి ఆ తెరచిన వాకిలి యెంత ధైర్యమిచ్చెనో చెప్పలేను.

మన దేశమున సముద్రతీరపు ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత పెద్దది పులికాటే. ఆరణి, కాళంగి నదులు మంచినీటిని, సముద్రపు మొగలు ఉప్పునీటిని దీనికి తెచ్చును. సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ అడ్డుకట్టవలె శ్రీహరికోట దీవి యున్నది. 1971 మొదలు అచ్చటినుండియే రాకెట్లు ఆకాశమున కెగయుచున్నవి. ఇరకము, వేనాడు మొదలగు దీవులు సరస్సులోనే కలవు. ఆంధ్రదేశపు భాగమును 1976లో పక్షుల శరణాలయముగా ప్రకటించిరి.

పడవలో నా ప్రక్కన కూర్చున్న బెస్తపడుచు నన్ను ఎగాదిగ చూచి, “అయ్యవారమ్మవా?” అని యడిగెను. ఔనంటిని. “వానల్లో గూడా అయ్యవారు బడి మూయలేదమ్మా. మా పిల్ల పేరు రాసుకుంటాది” అనెను. నా పెట్టెలోని అర్జీ కాగితము ఆ క్షణమున నాకు బరువై తోచెను. లోతులేని చోట పడవవాడు గడ వేయుచుండగా, దూరమున నీటిపై గులాబి వన్నె చార యొకటి కనబడెను. దగ్గరపడగా అది వందలకొలది రాజహంసలని తెలిసినది. రేవున మావారు నిలిచియుండిరి. మనిషి నల్లబడిరి, చిక్కిరి. “వచ్చితివా!” అనుటకంటె వారి నోట మాట రాలేదు. నాకు కన్నీరు తప్ప మరేమియు రాలేదు.

మరునాడు వారు నాకు పక్షులను దూరమునుండియే చూపిరి. రాజహంస తల క్రిందుగా ముంచి, ముక్కుతో బురదనీటిని జల్లించి చిరుజీవులను, నాచును తినును. ఆ యాహారమువలననే దాని కా రంగు. పిల్లలు పుట్టినప్పుడు బూడిద వన్నెగా నుండును. ఇవి కచ్ఛపు రణ్‌ప్రాంతమున గ్రుడ్లు పెట్టును. తల్లియు తండ్రియు ఇరువురును గొంతున నూరు పాలవంటి రసమునే పిల్లకు పోయుదురట! దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టున మాత్రము గూడబాతులు నీటి కడప చెట్లపై గూళ్లు కట్టును. అచ్చటి రైతులు పక్షుల రెట్టచే సారమెక్కిన చెరువునీరు తమ పైరులకు బలమని వానిని కాపాడుకొందురు.

సరస్సునకు మాత్రము కష్టకాలము వచ్చినది. రాయదొరువు కడ సముద్రపు మొగ ఇసుకతో పూడుచున్నందున నీరు తగ్గి, చేపయు రొయ్యయు తగ్గుచున్నవి. చేప తగ్గిన పక్షికిని బెస్తవానికిని ఒకటే ఆకలి.

ఆ రాత్రి నేను అర్జీ కాగితము తీసి అత్తగారి మాట చెప్పితిని. వారు కొంతసేపు మౌనముగా నుండి, “అమ్మ మాట త్రోసివేయజాలను. నీవు వ్రాయుమన్నచో ఇప్పుడే వ్రాసెదను. కాని ఐదవ తరగతిలో తొమ్మండుగురు పిల్లలున్నారు. వారు ఒడ్డుకు పోయి పైబడిలో చేరువరకైనను ఉండవలెనని నా మనసు” అనిరి. బెస్తపడుచు మాట నాకు జ్ఞప్తికి వచ్చెను. “ఏడాది చదువు ముగియనిండు. అప్పుడే చేవ్రాలు చేయుడు. అంతవరకు అత్తగారికి నేను నచ్చజెప్పెదను” అంటిని. కాగితము మరల పెట్టెలో పెట్టితిని.

సోదరీమణులారా, కార్తికము మొదలు మాఘమువరకు ఈ పక్షులను చూడ మంచి కాలము. పోవువారు ప్రాతఃకాలముననే పోవలెను. కేకలు వేయరాదు, గూళ్ల చెంతకు చేరరాదు. పిల్లలను వెంట తీసికొని పొండు. వేలకోసుల దూరము వచ్చి, పనియైన వెనుక మరల తమ చోటికి పోవు పక్షులను చూచినచో, ఇంటి యెడబాటును ఓర్చుకొను ఆడువారికి కొంత ఊరట కలుగును. ఎండలు ముదిరి రాజహంసలు సరస్సు విడుచు నాటికి, మా యింటను ఒకరికొరకు అరుగు కడిగి ముగ్గు వేయుదుము.